రష్ బృందాన్ని 1981 దగ్గర ఆపేయవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

కెనడా రాక్ బృందం రష్ మళ్లీ వేదిక ఎక్కబోతున్నదన్న వార్త సందర్భంగా మీ ఆదివారం సంచికలో ఆ బృందాన్ని పరిచయం చేస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. ఒక తెలుగు పత్రికలో ఈ పేరు చూడాలని 37 ఏళ్లుగా ఎదురుచూసినవాణ్ణి కనుక ఆ పేజీని రెండుసార్లు చదివి, కత్తిరించి దాచుకున్నాను. అయితే, కొత్తగా వినేవారికి 1976 నుంచి 1981 దాకా వచ్చిన రికార్డుల్లోని ఏడెనిమిది పాటలు చాలునని, ఆ తరువాతి పనంతా వీరాభిమానులకే వదిలేయవచ్చునని వ్యాసం చివర రాసిన మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఈ అభిప్రాయం వ్యాసకర్త ఒక్కరిదే కాదు, చాలాకాలం నాది కూడా అదే. అది పొరపాటని ఈ మధ్యనే తెలుసుకున్నాను కాబట్టి ఉత్తరం కాస్త పొడవైనా ఓపికగా చదవమని కోరుతున్నాను.

నేను ఈ బృందాన్ని మొదటిసారి విన్నది 1988లో, విశాఖపట్నంలో, హాస్టల్ గదిలో. తోటి విద్యార్థికి అమెరికాలో ఉన్న వాళ్ల అన్నయ్య పంపిన రెండు కేసెట్లను మేము ఒక తొంభై నిమిషాల టీడీకే కేసెట్లోకి ఎక్కించుకున్నాం. ఒకవైపు 1976 నాటి 2112 అనే ఆల్బము, రెండోవైపు 1981 నాటి మూవింగ్ పిక్చర్స్. సెలవులకు రాజమహేంద్రవరం వచ్చినప్పుడు ఆ కేసెట్లోని వైవైజడ్ అనే రచనను మా నాన్నగారికి వినిపించాను. అందులో పాట ఉండదు, మూడు వాద్యాలే. మా నాన్నగారు పిల్లలకు మృదంగం చెప్పేవారు. ఆయన మొదటి అర నిమిషం మళ్లీ మళ్లీ వేయించుకుని, తొడ మీద వేళ్లతో లెక్క చూసుకుని, "ఏడు, ఏడు, ఆరు కట్టాడురా, ఐదు దెబ్బల్లో తెచ్చి సరిగ్గా సమం మీద పడేస్తున్నాడు" అన్నారు. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. టొరంటో విమానాశ్రయానికి విమానయానంలో వాడే సంకేతం వై, వై, జడ్ అన్న మూడక్షరాలు. వాటిని, చుక్కలూ గీతలతో అక్షరాలను తెలిపే మోర్స్ సంకేతాల్లోకి మార్చి, గీతకు రెండు మాత్రలు, చుక్కకు ఒక మాత్ర చొప్పున వాయిస్తే వై ఏడు మాత్రలు, మళ్లీ వై ఏడు, జడ్ ఆరు, వెరసి ఇరవై అవుతాయి. నాలుగేసి మాత్రల ఐదు దెబ్బలన్నమాట. ఇల్లు చేరబోతున్న విమానం చెవిలో మోగే పిలుపునే వారు తాళంగా చేసుకున్నారు. నేడు టొరంటోలో దిగే మన పిల్లల సూట్‌కేసుల చీటీల మీద ఉండేవీ ఆ మూడక్షరాలే.

అంత ఇష్టపడి కూడా నేను అక్కడే ఆగిపోయాను. మూవింగ్ పిక్చర్స్ తరువాత వచ్చిన సిగ్నల్స్‌ను ఒకసారి విని, గిటారు వెనక్కి తగ్గి సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు ముందుకు వచ్చిందని నొచ్చుకుని పక్కన పెట్టాను. తరువాతి రికార్డుల జోలికి పోలేదు. 2020 జనవరి 7న డ్రమ్స్ వాద్యకారుడు నీల్ పీర్ట్ మెదడు క్యాన్సర్‌తో కన్నుమూశారని తెలిసిన రోజున కూడా నేను విన్నది ఆ పాత రెండు రికార్డులే. మిగిలిన ఇద్దరు, అంటే గాయకుడూ బేస్ గిటార్ వాద్యకారుడూ అయిన గెడ్డీ లీ, గిటారిస్టు అలెక్స్ లైఫ్‌సన్, జర్మనీకి చెందిన డ్రమ్మర్ అనికా నిల్లెస్‌ను తోడు తీసుకుని 2026లో పర్యటిస్తామని 2025 అక్టోబరులో ప్రకటించినప్పుడు నాలో సంతోషంతో పాటు కొంత సిగ్గు కూడా కలిగింది. అభిమానినని చెప్పుకుంటూ వారి 19 స్టూడియో ఆల్బముల్లో 11 వినకుండానే ఇన్నేళ్లు గడిపాను. అందుకే కార్తీకంలో మొదలుపెట్టి సంక్రాంతి నాటికి పూర్తయ్యేలా, 1974 నుంచి 2012 దాకా వచ్చిన ఆల్బములన్నిటినీ వరుసగా, సాయంత్రానికి ఒకటి చొప్పున, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని విన్నాను. నచ్చినా నచ్చకపోయినా ఏ పాటనూ దాటవేయలేదు. ఒక్కొక్కటి కనీసం రెండుసార్లు విన్నాకే తరువాతిదానికి వెళ్లాను.

ఇక్కడ మీ వ్యాసానికి ఒక చిన్న సవరణ చెప్పాలి. నీల్ పీర్ట్ ఈ బృందం స్థాపకుడని రాశారు. 1968లో టొరంటో శివారు విల్లోడేల్‌లో మొదలైన ఈ బృందానికి తొలి డ్రమ్మర్ జాన్ రట్సీ. 1974లో వచ్చిన మొదటి ఆల్బములో వాయించింది ఆయనే. ఆ రికార్డును క్లీవ్‌ల్యాండ్ రేడియోలో పనిచేస్తున్న డోనా హాల్పర్ ప్రసారం చేయడం, కార్మికుడి దినచర్యను చెప్పే వర్కింగ్ మ్యాన్ పాట ఆ కర్మాగారాల నగరానికి వెంటనే పట్టడం వల్లనే అమెరికాలో వీరికి దారి తెరుచుకుంది. రట్సీ తప్పుకున్నాక, అమెరికా పర్యటనకు రెండు వారాల ముందు, 1974 జులై 29న పీర్ట్ చేరారు. అప్పటికి ఆయన తన తండ్రి దగ్గర ట్రాక్టర్ విడిభాగాలు అమ్ముతున్నారు. చదువు మీద విపరీతమైన ఆసక్తి ఉన్న మనిషి కనుక పాటలు రాసే పనిని కూడా మిగిలిన ఇద్దరూ ఆయనకే అప్పగించారు. ఒక బృందంలో తాళం చూసేవాడే సాహిత్యం కూడా చూడటం అరుదైన విషయం. వరుసగా వింటున్నప్పుడు ఈ విషయం అడుగడుగునా తెలుస్తూనే ఉంటుంది.

వరుసగా వినడం వల్ల కలిగిన మొదటి లాభం 1975 నాటి కేరెస్ ఆఫ్ స్టీల్ దగ్గర కనిపించింది. ఇది వారి వైఫల్యంగా పేరుపడిన ఆల్బము. అమ్మకాలు లేవు, సభలకు జనం లేరు, ఆ పర్యటనకు బృంద సభ్యులే మునిగిపోయే పర్యటన అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఇందులో రెండోవైపు మొత్తాన్ని ఆక్రమించే సుమారు ఇరవై నిమిషాల రచన ఒకటి ఉంది. నిజాయితీగా చెప్పాలంటే అది అతకలేదు. ఖండికలు దేనికవి విడివిడిగా ఉంటాయి, ఒకదాని నుంచి మరొకదానికి దారి ఉండదు. రికార్డు కంపెనీ ఇకపై చిన్న పాటలు చేయమన్నది. మరుసటి ఏడాదే వారు ఆ మాట పెడచెవిన పెట్టి, 2112లో మళ్లీ ఒక వైపంతా ఇరవై నిమిషాల రచనే చేశారు. ఈసారి అది అతికింది, బృందాన్ని నిలబెట్టింది. మొదట్లో వినిపించిన స్వరబంధమే మధ్యలో మారువేషంలో తిరిగి వస్తుంది. ఆ రచన చెప్పే కథలోని యువకుడికి గిటారు దొరికే చోట అలెక్స్ లైఫ్‌సన్ ముందు తీగలు సరిచేసుకుంటున్నట్టు వాయించి, మెల్లగా చేతికి వాద్యం పట్టుబడుతున్నట్టు వినిపిస్తారు. 1988 నుంచి ఇన్నేళ్లు 2112 విన్నాను కానీ, ఈ అతుకు వెనక ముందు ఏడాది ఓటమి ఉందని ఇప్పుడే అర్థమైంది. మంచి పాటలను మాత్రమే ఏరుకుని వినేవారికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

అదే 2112 సాహిత్యంలో, గుంపును ఎదిరించిన ఒంటరి ప్రతిభావంతుడి కథ చెప్పిన 23 ఏళ్ల పీర్ట్, ఆ ఆల్బము అట్ట మీదనే, వ్యక్తివాదాన్ని గట్టిగా సమర్థించిన రచయిత్రి ఐన్ ర్యాండ్ ప్రతిభకు కృతజ్ఞత చెప్పుకున్నారు. అందుకు విమర్శకులు కొందరు ఆయనను తీవ్రంగా దూషించారు. 1981 దగ్గర ఆగిపోయినవారికి ఆయన దాదాపు ఆ యువకుడిగానే మిగిలిపోతారు. నిజానికి ఆయన అక్కడ ఆగలేదు. తరువాతి పాటల్లో ఒంటరి వీరుడు క్రమంగా కనుమరుగై, ఓడినవారు, భయపడినవారు, అదృష్టం కలిసిరానివారు కనిపించసాగారు. 2007 నాటి స్నేక్స్ అండ్ ఆరోస్‌లో, పాదాలు తిరిగి తిరిగి వచ్చే ప్యాంటూమ్ అనే ఛందంలో రాసిన ద లార్జర్ బౌల్ పాటలో, లోకంలో మంచీ చెడూ పంపకంలోనే సమానత్వం లేదని ఆయన బాధపడతారు. 2112 రాసిన చేయే ఇది రాసిందంటే, మధ్యలో ఉన్న 31 ఏళ్లను విననివారికి నమ్మశక్యం కాదు.

సింథసైజర్ విషయానికి వస్తాను, ఎందుకంటే మీ వ్యాసం కూడా దాన్నే పతనానికి కారణంగా చూపింది. 1978 నాటి హెమిస్ఫియర్స్ వింటే ఆ దారిలో వారికి ఇక అడుగు వేసే చోటు లేదని తెలిసిపోతుంది. ఒకవైపంతా పద్దెనిమిది నిమిషాల రచన, రెండోవైపు లా విల్లా స్ట్రాంజియాటో అనే తొమ్మిదిన్నర నిమిషాల వాద్య రచన. ఈ ఒక్కదాన్ని రికార్డు చేయడానికి, 1975 నాటి ఫ్లై బై నైట్ ఆల్బము మొత్తానికి పట్టిన కాలం కన్నా ఎక్కువ పట్టిందని వారే చెప్పారు. అలసిపోయి, 1980లో పర్మనెంట్ వేవ్స్‌తో చిన్న పాటల వైపు తిరిగారు. అయితే వారు ముగ్గురే. గెడ్డీ లీ ఒక్కరే పాడుతూ, బేస్ గిటార్ వాయిస్తూ, పాదాలతో పెడళ్లు నొక్కుతూ, మధ్యలో కీబోర్డుకు మారేవారు. నాలుగో మనిషిని తెచ్చుకోకుండా కొత్త రంగులు కావాలంటే వారికి ఉన్న మార్గం అదే. సిగ్నల్స్ మొదటి పాట సబ్‌డివిజన్స్ ఎత్తుగడ ఏడు మాత్రల నడక. మన చెవికి అది మిశ్ర చాపులా తోస్తుంది. ఆ ఏడును సింథసైజర్ గట్టిగా పట్టుకుని ఉండగా, దాని చుట్టూ డ్రమ్స్ ప్రతి ఆవర్తనంలోనూ కొత్త జతులు వేస్తాయి. ఒకే రకం ఇళ్ల మధ్య, అందరిలా లేకపోతే వెలివేస్తారన్న భయంతో పెరిగే కౌమారాన్ని గురించిన పాటకు, కదలని ఆ నీలిరంగు శబ్దం తప్ప మరొకటి సరిపోదు. 1988లో నేను గిటారు కోసం వెతికి, పాటను వినలేదు.

ఆ తరువాత 1984లో వచ్చిన గ్రేస్ అండర్ ప్రెషర్‌ను, మొత్తం వరుసలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించిన ఆల్బముగా చెబుతాను. అందులో రెడ్ సెక్టర్ ఏ అనే పాట ఉంది. గెడ్డీ లీ తల్లిదండ్రులు పోలండ్ యూదులు. కౌమారంలోనే నాజీల శిబిరాల పాలై, ఆష్‌విట్జ్‌ను చూసి, చివరకు తల్లి బెర్గెన్ బెల్సెన్ నుంచి, తండ్రి డాఖావ్ నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. తండ్రి వెతుక్కుంటూ వెళ్లి ఆమెను కలుసుకుని పెళ్లి చేసుకున్నారు, ఇద్దరూ కెనడా చేరారు. బయట మనుషుల లోకం ఒకటి మిగిలి ఉంటే ఇటువంటి శిబిరాన్ని సాగనిచ్చేది కాదు కదా, కాబట్టి లోకమంతా అంతమైపోయి ఉంటుందని, సైనికులు వచ్చి విడిపించిన రోజున కూడా ఆమె అనుకున్నారట. కొడుకు చెప్పిన ఈ సంగతినే పీర్ట్ పాటగా రాశారు. చోటు పేరు చెప్పలేదు, కాలం చెప్పలేదు. ఎక్కడి ఖైదీకైనా వర్తించేలా రాశారు. తల్లి జ్ఞాపకాన్ని ఆ కొడుకే పాడాడు. ఈ పాటలో ఆయన బేస్ గిటార్ పక్కన పెట్టి కీబోర్డులే వాయించారు. ఆగకుండా పరుగెత్తే ఆ యంత్ర శబ్దం మీద సన్నగా వణికే ఆయన గొంతు విన్నాక, సింథసైజర్ ఈ బృందాన్ని పాడుచేసిందన్న మాట నా నోట ఇక రాదు.

ఆ తరువాతివన్నీ గొప్పవని నేను అనడం లేదు. 1985 నాటి పవర్ విండోస్ దిట్టమైనది. 1987 నాటి హోల్డ్ యువర్ ఫైర్‌లో నునుపు ఎక్కువైంది. 1989 నాటి ప్రెస్టోలో పాటలు బాగున్నా ధ్వని పలచగా ఉంది. 1991 నాటి రోల్ ది బోన్స్ శీర్షిక గీతంలో చొప్పించిన ర్యాప్ ఖండిక ఈనాటికీ పొసగదు, కానీ అదే ఆల్బములోని బ్రవాడో కోసం దాన్ని క్షమించవచ్చు. 1993 నాటి కౌంటర్‌పార్ట్స్‌లో గిటారు మళ్లీ ముందుకు వచ్చింది.

1996 నాటి టెస్ట్ ఫర్ ఎకో పాటల పరంగా సామాన్యమైనదే, అయినా దాని ముందు జరిగిన ఒక సంగతి నాకు ఎంతో విలువైనదిగా తోచింది. నలభై దాటి, ప్రపంచంలోని డ్రమ్మర్లందరూ ఆదర్శంగా చూస్తున్న కాలంలో పీర్ట్, ఫ్రెడ్డీ గ్రూబర్ అనే వృద్ధ గురువు దగ్గర శిష్యుడిగా చేరి, కర్ర పట్టుకునే తీరు దగ్గర నుంచి, దెబ్బకూ దెబ్బకూ మధ్య చేయి గాలిలో కదిలే తీరు దాకా మొదటి నుంచి నేర్చుకున్నారు. అన్నీ వచ్చిన విద్వాంసుడు మళ్లీ సరళీ స్వరాల దగ్గర కూర్చోవడం వంటిది ఇది. మా నాన్నగారు ఉండి ఉంటే ఈ మాట ఆయనకే ముందు చెప్పేవాణ్ణి.

1997 ఆగస్టులో పీర్ట్ ఒక్కగానొక్క కూతురు కారు ప్రమాదంలో మరణించింది. ఏడాది తిరగకుండానే భార్య క్యాన్సర్‌తో పోయారు. తాను ఇక విరమించినట్టే భావించమని మిత్రులిద్దరికీ చెప్పి, మోటార్ సైకిల్ మీద సుమారు 88,000 కిలోమీటర్లు ఒంటరిగా తిరిగారు. వారిద్దరూ ఆయనను తొందరపెట్టలేదు, మరొకరిని ఆ స్థానంలో కూర్చోబెట్టలేదు. ఆయన తిరిగి వచ్చాక 2002లో వేపర్ ట్రెయిల్స్ వెలువడింది. మొదటి పాట డ్రమ్స్‌తోనే, జోడు బేస్ డ్రమ్ముల హోరుతో ఎత్తుకుంటుంది. ఆల్బము మొత్తంలో కీబోర్డు లేదు. ధ్వని స్థాయిని మితిమీరి పెంచడం వల్ల ఈ రికార్డు చెవికి గరుకుగా, రొదగా వినిపించేది. చివరకు 2013లో మొత్తం పాటలను కొత్తగా మిశ్రమం చేయించి విడుదల చేశారు. వినదలచినవారు ఆ 2013 రూపాన్నే వినమని నా మనవి. రొద తొలగాక, ఆ గొంతుల వెనక ఎంత దుఃఖం ఉందో స్పష్టంగా తెలుస్తుంది.

చివరి ఆల్బము 2012 నాటి క్లాక్‌వర్క్ ఏంజెల్స్. 2112 లాగే ఇదీ ఒక యువకుడి కథ. ఇల్లు విడిచి వెళ్లినవాడు మోసపోతాడు, నష్టపోతాడు, తిరుగుతాడు. కానీ 2112లోని యువకుడు తనను ఒప్పుకోని లోకంలో బతకలేక ప్రాణం తీసుకుంటే, ఇతను ముసలివాడై ఒక తోటను పెంచుకుంటూ కనిపిస్తాడు. తీగ వాద్యాల బృందంతో నెమ్మదిగా సాగే ద గార్డెన్ అనే ఆ ముగింపు పాటలో, బతుకును కొలవడానికి తోటివారి ప్రేమ, గౌరవం తప్ప వేరే కొలత లేదన్న భావం ఉంది. కూతురినీ భార్యనూ పోగొట్టుకుని, మళ్లీ పెళ్లి చేసుకుని, అరవయ్యో ఏట మళ్లీ ఒక చిన్న కూతురికి తండ్రిగా ఉన్న మనిషి రాసిన పాట ఇది. బృందం స్టూడియోలో చేసిన కొత్త పాటల్లో ఇదే ఆఖరిది. మీ వ్యాసం ఈ పాట పేరైనా ఎత్తలేదు.

నా విన్నపం ఒక్కటే. ఈ బృందం గురించి మళ్లీ రాసే సందర్భం వస్తే, వీలైనంత చోటు ఇచ్చి 19 ఆల్బముల పేర్లూ సంవత్సరాలతో సహా వరుసగా అచ్చు వేయండి. ఫోనులో ఏ యాప్ తెరిచినా అవే ఏడెనిమిది పాటలు ముందుకు వస్తున్నాయి. పత్రిక కూడా అదే జాబితాను ఇస్తే, ఇప్పుడే వినడం మొదలుపెట్టే పద్దెనిమిదేళ్ల పాఠకుడు నాలాగే 1981 దగ్గర ఆగిపోతాడు. అంత సమయం లేనివారు కనీసం గ్రేస్ అండర్ ప్రెషర్, వేపర్ ట్రెయిల్స్, క్లాక్‌వర్క్ ఏంజెల్స్ ఈ మూడింటినైనా ఆ క్రమంలో పూర్తిగా వినాలని కోరుతున్నాను.

2015లో ఆ ముగ్గురూ తమ చివరి పర్యటనలో ఈ పనినే తిరుగువరుసలో చేశారు. క్లాక్‌వర్క్ ఏంజెల్స్‌తో మొదలుపెట్టి, పాట పాటకూ వెనక్కి వెళుతూ, వేదిక మీది సరంజామాను కూడా కాలానికి తగ్గట్టు తగ్గించుకుంటూ, చివరకు బడి వ్యాయామశాలలో కుర్చీల మీద రెండు ఆంప్లిఫయర్లు పెట్టుకున్న కుర్రాళ్లలా నిలబడి వర్కింగ్ మ్యాన్ వాయించారు. ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆఖరి సభ ముగిశాక, అన్నేళ్లలో ఎన్నడూ తన వాద్యాలు దాటి ముందుకు రాని పీర్ట్ లేచి వచ్చి మిత్రుల పక్కన నిలబడి సభకు నమస్కరించారు. సంక్రాంతి తరువాత నేను కూడా వారిలాగే చివరి నుంచి వెనక్కి వినడం మొదలుపెట్టాను. నిన్న రాత్రి మొదటి ఆల్బము దగ్గరకు చేరాను. అందులో డ్రమ్స్ జాన్ రట్సీవి, సూటిగా, సాదాగా ఉన్నాయి. పీర్ట్ ఇంకా సెయింట్ కాథరిన్స్‌లో ట్రాక్టర్ భాగాలు అమ్ముతూనే ఉన్నారు.

భవదీయుడు,
మీ పాఠకుడు,
రాజమహేంద్రవరం